తెర మీద నిలవని పెద్దాయన

డిగ్రీ అయిపోయి పని దొరకని ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదనుకునేవాణ్ని. మట్టెవాడలో మా మేనమామకు ఫొటో స్టూడియో ఉండేది. అందరికీ ఫోన్లు వచ్చాక, అక్కడికి ఎక్కువగా వచ్చేది పోయినవారి ఫొటో పెద్దది చేయించి, దినాల నాటికి దండ వేయాలనుకునేవాళ్లే. వాళ్లు తెచ్చిన పాత ఫొటోలు స్కాన్ చేసి, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో నేను రాసిన ప్రోగ్రాంలో తెర మీది బటన్ నొక్కుతూ ఒక్కొక్కటీ చూపిస్తే, నచ్చింది ఎంచుకోవాలి. (ఈ ఆలోచన నాదే. మామ వద్దనే అన్నాడు.) దాన్ని మొదటిసారి వాడే ముందురోజు మామ ఫొటో పెట్టి చూస్తే చక్కగా కనిపించింది. బటన్లు మాత్రం ఆ రోజు పొద్దున్నే తగిలించాను, నొక్కి చూడలేదు.

ఆ మధ్యాహ్నం నర్సంపేట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మర్నాడే భర్త దినాలు, సాయంత్రంలోగా ఎంచుకుంటేనే ప్రింటు అందుతుంది. బటన్ నొక్కాను. ఫొటో ఉండాల్సిన మేర బూడిదరంగు ఖాళీ. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తప్పు జరిగిందని కంప్యూటర్ ఒక్క ముక్క చెప్పలేదు. "బతికున్నప్పుడు గూడ గంతే బిడ్డా," అందామె నెమ్మదిగా, "ఫొటో అంటే లేచి పోయెటోడు." ధైర్యం కోసం, నిన్న కనిపించిన మామ ఫొటోనే ఆ బటన్‌కు పెట్టాను. అదీ ఖాళీయే. మామ తన కుర్చీని దగ్గరికి లాక్కుని చాలాసేపు ఆ ఖాళీలోకి చూశాడు. "ఆయన పోయిండు, సరే. నేనెందుకు కనవడ్తలేనురా?" అని, తన నాడి తానే పట్టి చూసుకున్నాడు. తర్వాత ఒక నిమ్మకాయ తెచ్చి మానిటర్ ముందు పెట్టాడు. (అది దొర్లి కింద పడితే ముగ్గురం ఉలిక్కిపడ్డాం.)

గంటసేపు వెతికితే గుట్టు తెలిసింది. నిన్న విడిగా రాసిన కోడ్‌ను ఈరోజు ఫంక్షన్‌లో, అంటే బటన్ నొక్కినప్పుడు మాత్రమే నడిచి ఆగిపోయే కోడ్ ముక్కలో పెట్టాను. ఫంక్షన్ పని ముగిశాక, ఆ ఫొటో ఇంకా కావాలని ఎక్కడా రాసి లేకపోతే, పైథాన్ దాన్ని చెత్తగా భావించి ఊడ్చేస్తుంది. ఫొటోను అట్టిపెట్టమని ఒక్క లైన్ చేర్చాను. పెద్దాయన తెర మీదికి వచ్చేశాడు, భుజం మీద తువ్వాలతో, కాస్త కోపంగా. మామ తన ఫొటో కూడా పెట్టించుకుని చూసుకున్నాకే చాయ్‌కి వెళ్లాడు.

గెలిచిన ఊపులో నేను ఆమెకు పాఠం మొదలుపెట్టాను. "ఏం లేదమ్మా, కావాలనేటోళ్లు ఒక్కరన్న ఉంటే ఉంటది, లేకుంటే పోతది."

ఆమె తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు. "నాకు ఈయన కావాలనే అన్న బిడ్డా. నెల రోజులు దవాఖానల గదే అన్న."

అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వాడు శుభ్రంగానే ఉన్న తెరను చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు, పెద్దాయన ముఖం దగ్గర మాత్రం చెయ్యి ఆపి.