మూడో పిలుపు

కోర్టు బంట్రోతు మద్దిలేటి పొద్దున పదింటికల్లా రెండు లవంగాలు బుగ్గన పెట్టుకుని, భుజం మీది ఎర్ర పట్టీ సర్దుకుని గుమ్మంలో నిలబడతాడు. కేసు వచ్చినప్పుడల్లా కక్షిదారు పేరు మూడుసార్లు పిలవడం అతని పని. మూడో పిలుపు ఆగేలోపు ఆ మనిషి జడ్జి ముందు ఉండాలి, లేకపోతే కేసు కొట్టేస్తారు. అందుకే మొదటి రెండు పిలుపులూ కాకిని తోలినట్టు పొట్టిగా ముగిస్తాడు. మూడోదాన్ని మాత్రం పొట్ట బిగించి, బస్టాండులో దిగిన మనిషి నడిచి వచ్చేంత పొడుగున సాగదీస్తాడు. ప్లీడర్లు నవ్వితే, "పల్లెటూరోళ్లప్పా, ఈడికి చేరేదే శానా కష్టం," అంటాడు.

మొన్న నాగక్క పేరు వచ్చింది. బనగానపల్లె దగ్గర నాలుగు మామిడిచెట్లున్న గట్టు కోసం ఆరేళ్లుగా తిరుగుతున్న ముసలామె. మూడో పిలుపు ఎత్తుకుని మద్దిలేటి బయటికి చూస్తే, ఆమె కింది మెట్టు దగ్గర ఆగి, గుడికి వచ్చినట్టు చెప్పులు విడుస్తోంది. విడిచి, వాటిని ఒక పక్కకు జతగా సర్దుతోంది. పిలుపు సాగదీస్తూనే మద్దిలేటి రమ్మని చెయ్యి ఊపాడు. "ఉండప్పా, కోర్టులోకి చెప్పులేసుకోని యెట్లొచ్చేది?" అంది ఆమె తాపీగా. అతని మెడనరాలు ఉబ్బాయి, మొహం కందగడ్డయింది, పిలుపు మాత్రం తెగలేదు. లోపల జడ్జిగారు కలం పక్కన పెట్టి, కిటికీలోంచి మెట్ల వైపు చూశారు.

"ఊపిరి తీసుకో మద్దిలేటీ," అన్నారావిడ. "ఆమె చెప్పులు సర్దుకునేదాకా నేనూ ఆగుతాను."