కాలు కింద పెట్టకుండా

నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు బండి నడపడం రాదు. చెన్నైలో పుట్టి పెరిగిన మగవాడు ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు ముందు నా కాళ్ళ వైపు చూస్తారు, ఏదైనా లోపం ఉందేమోనని. లోపమేమీ లేదు. మాది పెరంబూరు. మా తాత, మా నాన్న ఇద్దరూ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు. ఇంటి నుంచి స్టేషనుకు నడిచిపోవచ్చు. చింతాద్రిపేటలో నేను పనిచేసే ప్రెస్సుకు సెంట్రల్ దాకా లోకల్ రైలు, అక్కణ్ణుంచి నడక. మిగతా ఊరు తిరగడానికి మా ఆవిడ స్కూటరు ఉంది. ఆవిడ ముందు, నేను వెనక, నా ఒళ్ళో కూరగాయల సంచి. సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్ళు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాళ్ళు. మొదట్లో నేను ఆకాశం వైపు చూసేవాణ్ణి. తరవాత్తరవాత వాళ్ళ వైపే చూడటం మొదలుపెట్టాను.

కాలేజీ రెండో ఏడులో ఉండగా మా అమ్మాయి మోటార్ సైకిల్ నేర్చుకుంటానంది. తిరువొత్తియూరులో ఒకావిడ ఆదివారాలు పొద్దున్నే ఆడపిల్లలకు నేర్పుతోందట.

"అమ్మ స్కూటరు ఉంది గదా, గేరు బండి ఎందుకు?" అన్నాను.

"అది దానంతటదే పోతాది నాన్నా. గేరు బండి అట్ట గాదు, మనం పోనిస్తేనే పోతాది."

ఆ తేడా ఆ రోజు నాకు తలకెక్కలేదు. మా ఆవిడకు మాత్రం వెంటనే అర్థమైనట్టుంది. "నేర్చుకోనీండి. మీకంత భయంగా ఉంటే తోడు పోయి చూసి రండి," అంది.

అట్లా ఒక ఆదివారం తెల్లవారుతుండగా బస్సెక్కి ఇద్దరం తిరువొత్తియూరు చేరాం. ఏనాడో మూతబడిన ఫ్యాక్టరీ వెనక పెద్ద ఖాళీ స్థలం. సగం సిమెంటు నేల, సగం ఇసుక. చుట్టూ సీమతుమ్మ. సముద్రం కనపడదుగానీ గాలి ఉప్పగా ఒంటికి అంటుకుంటోంది. నేర్పే ఆవిడకు ముప్ఫై దాటి ఉంటాయి. కత్తిరించిన జుట్టు, మోచేతి మీద పాత దెబ్బ మచ్చ. అక్కడి జాలర్ల పేటలోనే పుట్టిందట. ఇంట్లో మాట తెలుగే, మాలాగే. మా అమ్మాయి కాక ఇంకో ముగ్గురు ఆడపిల్లలు వచ్చి ఉన్నారు. నేను పోయి పిట్టగోడ మీద పేపరు పరుచుకుని కూర్చున్నాను.

ఆవిడ నా దగ్గరకి వచ్చింది. "అన్నా, మీరు బండి తోలతారా?"

"తోలడం రాదమ్మా. పిల్లకి తోడొచ్చినా."

ఆవిడ నవ్వలేదు. నా కాళ్ళ వైపూ చూడలేదు. "ఈడ కూర్చోని ఏం తోడు? లేవండన్నా, హెల్మెట్టు ఇంకొకటి ఉండాది," అంది.

నేను మా అమ్మాయి వైపు చూశాను. స్నేహితురాళ్ళ వయసు పిల్లల ముందు నాన్న వచ్చి పక్కన నిలబడితే ఏ పిల్లకైనా తలవంపుగానే ఉంటుంది. వద్దంటే బాగుండునని కూడా ఒక మూల అనుకున్నాను. అది ఒకడుగు పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

మొదటి పాఠంలో ఇంజను ఊసే లేదు. ఆవిడ బండిని ఇసుకలో పక్కకు పడుకోబెట్టింది. "ముందు దీన్ని లేపండి. రేపు రోడ్డు మీద పడితే లేపేదానికి నేను రాను." నేను ముందుకు వంగి హ్యాండిల్ పట్టుకుని లాగాను. బండి కదల్లేదు, నా నడుము కదిలింది. మా అమ్మాయి ఆవిడ చెప్పినట్టే బండికి వీపు ఆనించి, కూర్చున్నట్టు వంగి, కాళ్ళతో వెనక్కి తోస్తూ లేపి నిలబెట్టింది. తరవాత ఒకళ్ళు ఎక్కి కూర్చుంటే మిగిలినవాళ్ళు వెనక నుంచి తోయడం, బ్రేకు మీద నమ్మకం కుదరడానికి. నా వంతు వచ్చినప్పుడు నలుగురు ఆడపిల్లలూ కలిసి నన్ను ఆ స్థలం చివరిదాకా తోశారు. వెనక ఒకటే నవ్వు. హెల్మెట్టు లోపల నేనూ నవ్వుతున్నాను.

క్లచ్చితో అసలు కష్టం మొదలైంది. "ఒక్కసారిగా వదలబాకండన్నా. బండి ముందుకు లాగే చోటు ఒకటి ఉంటాది. అది మీ వేలికి తెలియాల," అనేది ఆవిడ. నా వేలికి ఏమీ తెలిసేది కాదు. వదిలీ వదలగానే బండి ఒక దూకు దూకి ఆగిపోయేది. మళ్ళీ స్టార్ట్ చేయడం, మళ్ళీ దూకడం. పక్కన మా అమ్మాయి అప్పటికే రెండో గేరులో చుట్లు కొడుతోంది. నా పక్కగా పోయినప్పుడల్లా "భయపడాదీంగప్పా" అంటూ, భయపడొద్దని అరవంలో అరిచి పోయేది. ఉత్సాహం వస్తే అది తెలుగు మరిచిపోతుంది.

వారమంతా లోకల్ రైల్లో గొడుగు పిడి పట్టుకుని ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే నిదానంగా వదలడం సాధన చేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చాలాసేపు చూసి, చేయి నొప్పా సార్ అని అడిగాడు. అవునన్నాను. ఏ నూనె రాసుకోవాలో సెంట్రల్ వచ్చేదాకా చెప్పాడు.

ఆ తరవాతి ఆదివారం క్లచ్చి దొరికింది. ఎట్లా దొరికిందో చెప్పలేను. బండి దూకకుండా, నా కింద మెల్లగా కదిలింది. సైకిలు మీద మొదటిసారి వెనక పట్టుకున్నవాళ్ళు వదిలేశారని తెలిసినప్పుడు కేక పెట్టాలనిపిస్తుందే, అట్లా అనిపించింది. ఆ సంతోషంలో తిరగాల్సిన చోట తిరగడం మరిచాను. ఎదురుగా సీమతుమ్మ పొద. పొదలో పడకూడదు, పొదలో పడకూడదు అనుకుంటూ దాన్నే చూస్తూ పోయి తిన్నగా పొదలో పడ్డాను.

ఆవిడ పరుగున వచ్చింది. ముందు నన్ను లేపింది. బండిని నాతోనే లేపించింది. "యాడ చూస్తే ఆడికే పోతాది బండి. ఇంక పొదను చూడరు గదా?" అంది. మోకాలు గీసుకుపోయింది. ముళ్ళు మా అమ్మాయి తీసింది, ఒక్కొక్కటీ ఊదుతూ.

ఇంట్లో ప్యాంటు చిరుగు చూసి మా ఆవిడ, "దానితోబాటు మీరు కూడానా?" అంది. అప్పటిదాకా ఆవిడకు మేం చెప్పలేదు. దూది, మందు తెచ్చి పెట్టి, "ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టబాకండి, జారతాది," అని మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరం ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, తీసుకుని నెల దాటాక పరీక్షకు పిలిచారు. నేలమీద గీసిన ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా బండి తిప్పి రావాలి. అంతే. మా అమ్మాయి నేల వైపు చూడకుండా కూడా వేసేది. నేను మూడుసార్లు వేస్తే రెండుసార్లు కాలు పెట్టేవాణ్ణి. ఆ రోజు నా పని అయిపోతుందని, దానికి లైసెన్సు వచ్చిందని ఇంటికి ఫోను చేయాలని ముందే అనుకుని పోయాను.

దాని పేరు ముందు పిలిచారు. హుషారుగా బయలుదేరింది. మొదటి వంపు బాగానే తిరిగింది. రెండో వంపులో వేగం ఎక్కువైంది, బ్రేకు పట్టింది, బండి వాలింది, కాలు నేలకు ఆనింది. ఒక్క క్షణం. పరీక్ష పెట్టే ఆయన చేత్తో చాలన్నట్టు సైగ చేశాడు. అది బండి తెచ్చి నా ముందు నిలిపి దిగింది.

"నేను ఇంకో రోజు వస్తాలే," అన్నాను.

"పోండి నాన్నా. పిలస్తుండారు."

ఎక్కాను. ఎనిమిదిని చూడలేదు, తిరగాల్సిన వైపు మాత్రం చూశాను. నడిచే మనిషి నన్ను దాటిపోగలిగేంత నిదానంగా తిరిగాను. పూర్తయ్యాక కూడా ఆగాలని తోచక ఇంకో చుట్టు మొదలుపెట్టబోతే ఆయనే ఆపాడు. పాసయ్యాను.

బయట టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. అది హెల్మెట్టు తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో తెలిసి నేను ఆ మాట ఎత్తలేదు. టీ వచ్చింది. ముందు అద్దం కొంచెం పైకెత్తి, గ్లాసు లోపలికి పెట్టి తాగింది. టీకొట్టతను దాన్నీ నన్నూ చూసి, బిస్కెట్టు సీసా మూత తీసి మా ముందు పెట్టాడు. లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. నాకు సంతోషంగా ఉంది, ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాన్నా, మీరు నవ్వొచ్చు. నేనేం అనుకోను," అంది లోపల నుంచి.

"నేనేం నవ్వడం లేదే."

"పెదాలు కదలతా ఉండాయి."

అప్పుడు నవ్వాను. అదీ నవ్వింది. అద్దం మీద ఆవిరి పట్టి మొహం కనపడలేదు.

సంగతి విని నేర్పే ఆవిడ ఓదార్చలేదు. "నీకు వేగం వచ్చు పాపా, నిదానం రాలా. మీ నాన్నకు నిదానం ఒకటే వచ్చు. ఇద్దరూ మార్చుకోండి," అంది. ఆ తరవాత వారాల్లో మాకు కొత్త పందెం పెట్టింది. ఇద్దరమూ పక్కపక్కన బయలుదేరాలి, కాలు పెట్టకుండా ఎవరు చివర వస్తే వాళ్ళు గెలిచినట్టు. నేనే గెలిచేవాణ్ణి. జీవితంలో నేను మా అమ్మాయికి లెక్కలు చెప్పి ఓడిపోయాను, వంట నేర్పబోయి ఓడిపోయాను. నిదానంగా పోవడం మాత్రం నేర్పగలిగాను. వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఉంచమని, వంపులో ఊపిరి బిగపట్టవద్దని నేనే చెబుతుంటే, నేర్పే ఆవిడ గోడ మీద కూర్చుని వింటూ ఉండేది. రెండోసారి పరీక్షలో అది ఎంత మెల్లగా తిరిగిందంటే పక్కనున్నవాళ్ళకు విసుగు పుట్టి ఉంటుంది. పాసయింది.

ఆ తరవాతి ఆదివారం నేర్పే ఆవిడ దగ్గర రెండు బండ్లు అడిగి తీసుకుని సముద్రం పక్క రోడ్డున ఎన్నూరు వైపు పోయాం. అది ముందు, నేను వెనక. లారీలు తక్కువగా ఉన్న వేళ. ఎడమవైపు గోదాములు, కుడివైపు రాళ్ళ గట్టు, దాని అవతల నీళ్ళు. నేను నాలుగో గేరు వేసింది ఆ రోజే. వేయగానే ఇంజను చప్పుడు తగ్గి, గాలి చప్పుడు పెరిగింది. చొక్కా వీపు మీద టపటప కొట్టుకుంటోంది. ఎవరూ వినడం లేదు గనక గట్టిగా ఒక పాత పాట అందుకున్నాను.

ఒక చోట రోడ్డు పక్కన చేపలు అమ్ముతున్న ఒక ముసలావిడ చెయ్యెత్తితే మా అమ్మాయి ఆగింది, నేనూ ఆగాను. కొనడానికే వచ్చామనుకుందో ఏమో, అడక్కుండానే నెత్తళ్ళనే చిన్న చేపలు తూచేసింది. "యాణ్ణించి వస్తుండారు?" అని అడిగింది.

"పెరంబూరు అవ్వా," అంది మా అమ్మాయి.

"అంత దూరం నించా? అయితే ఇంకొంచెం పట్టుకపోండి," అని మరో రెండు గుప్పిళ్ళు వేసింది.

బండ్లు అప్పగించి, ఆ పొట్లం పట్టుకుని బస్సెక్కాం. బస్సులో మా చుట్టూ ఎవరూ కూర్చోలేదు. ఇంట్లో మా ఆవిడ పొట్లం విప్పి చూసి, చిటికెన వేలంత చేపలు అన్నేసి చూసి, మా ఇద్దరి వైపు చూసింది. రోడ్డు ఎట్లా ఉంది, లారీలు ఉన్నాయా, ఎవరు ముందు పోయారు అని అన్నీ అడిగింది. మేం పోటీపడి చెప్పాం. అంతా విన్నాక పళ్ళెం, కత్తి, ఉప్పు మా ముందు పెట్టి, "కడగండి," అంది.