గవాచి మూసే అవ్వ

మా అవ్వ అంజనమ్మ మిద్దె ఎక్కకుండా మా ఊరు కొత్తచెరువులో ఒక్క చినుకు రాలదు. వానదేవుడికి ఆమె అంటే అంత భయం. మా పాత మిద్దె కప్పుకి వెలుతురు కోసం గవాచి అనే కంత ఉండేది. మబ్బు పట్టగానే అవ్వ చీర ఎగదోపి, "ఉండప్పా, వస్తాండా!" అని వానమీదే కేకలేస్తూ నిచ్చెనెక్కి, కంతమీదికి బండ జరిపేది. ఉగాదికి ముందు నాయన ఆ కప్పు తీయించి స్లాబు పోయించాడు. గవాచితోపాటు అవ్వ పనీ పోయింది. ఊళ్లో గట్టి వాన పడి రెండేళ్లయింది. నిన్న సాయంత్రం మబ్బు కమ్మితే మోకాళ్లు పట్టుకుని కొత్త మెట్లెక్కింది. మబ్బు గోరంట్ల వైపు జారిపోయినా, ముఖం పైకెత్తి అట్లే నిలబడింది.

"మూసేదానికి కంతే లేదు కదవ్వా, ఎందుకెక్కినావు?" అని కింద నుంచి ఎగతాళి చేశాను.

"తడిసేదానికిరా, ఎనుంపోతా!"