వేపతోపుకు వేసిన కంప

గోరంట్ల దగ్గర మా వేరుశనగ చేనుకు నీడంటూ ఉన్నది గట్టు మీది వేపతోపు ఒక్కటే. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం గాలివాన వచ్చి చెట్లన్నిటినీ నడుముకు విరిచేసింది. విరవడానికి అంత బలం చూపించిన గాలి, వాన దగ్గరికి వచ్చేసరికి నాలుగు చినుకులతో సరిపెట్టింది. ఆ ఏడు కూడా పంట ఎండిపోయింది.

నెల తిరక్కుండానే వేప మోడులు చిగురించాయి. మా ఆయన అప్పటికే బెంగళూరులో లారీ పనికి మాట్లాడుకున్నాడు. నేనే పట్టుబట్టి ఆపాను.

"తోపు మళ్లా లేస్తాండాది చూడు. యాడికీ పోవద్దు," అన్నాను.

"సరేలేమే," అన్నాడు.

మేకలు చిగుళ్లు కొరక్కుండా తోపు చుట్టూ సర్కారు తుమ్మ కంప వేయించింది కూడా నేనే. ఎండిన కంప, దాని నిండా కాయలు. నాకు ఆ కాయలు కనబడనే లేదు. ఏడాదికి కంప చీకిపోయి సందులు పడ్డాయి. రాలిన కాయల కోసం మేకలు లోపలికి దూరాయి, తిన్నచోటే పెంటికలు వేశాయి. మరు వానకు తోపులో మొలిచిందంతా తుమ్మే. మేకలు దాని ఆకు ముట్టవు, వేప చిగురు కనిపిస్తే వదలవు. మోడులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. తుమ్మ గట్టు దిగి చేనులోకి వచ్చింది. నరికితే ఒక కొమ్మ చోట నాలుగు లేస్తాయి. పొద్దున్నే తలుపు తీస్తే అదే ఎదురుగా ఉండేది, నాకు ఊపిరాడేది కాదు.

ఈ వేసవిలో మా ఆయన మళ్లీ పని చూసుకున్నాడు. ఈసారి ఇద్దరం పోదామంటే మారుమాట లేకుండా మూటలు కట్టాను. పక్క చేనువాళ్లు తిట్టకుండా గట్టు వరకైనా తుమ్మ కొట్టేసి పోదామని, పోయే ముందురోజు ఆయన గొడ్డలి తీసుకొని లోపలికి దూరాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

ముళ్లు గీరుకుంటూ పోయాను. గుబురు నడుమ ఒక వేప, నా తలకంటే ఎత్తుగా, వేలంత లావున నిలబడి ఉంది. ముళ్ల మధ్య మేక మూతికి అందక బతికింది. ఎండ తగలక ఆకులు పాలిపోయాయి.

"తుమ్మ ఇట్లే ఉంటే ఇది చస్తాది. కొట్టేస్తే మేకలు తింటాయి," అన్నాడు. "ఎవరో ఒకరు ఈడ ఉండాల."

గొడ్డలి కింద పెట్టి ఫోన్ తీశాడు. "అన్నా, మేము రాలేములే," అని బెంగళూరుకు చెప్పేశాడు.

సంతోషపడాల్సింది నేనే. నాకు మాత్రం ఆ చెట్టు మీద పట్టలేనంత కోపం వచ్చింది. వంగి గొడ్డలి అందుకున్నాను. ఏడుస్తూ, దాని పక్కనున్న తుమ్మను కొట్టడం మొదలుపెట్టాను.