బుగ్గ లోపల తెల్లమచ్చ

సూపర్ మార్కెట్ గేటు దగ్గర కూర్చుని, బయటికొచ్చేవాళ్ల సంచిని బిల్లుతో సరిచూసి పంపించే ఉద్యోగం ఆవిడది. పందొమ్మిదేళ్లుగా అదే గేటు, అదే స్టూలు. తోటివాళ్లు వెనకాల ‘ఎక్స్‌రే అక్క’ అంటారు. చంటిపిల్ల దుప్పట్లో దాచిన సబ్బును కూడా పట్టుకున్న మనిషికి ఆ పేరు ఊరికే వస్తుందా? ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఉద్యోగంలో ఆ కన్ను ఆవిడకి బాగా అక్కరకొచ్చింది. ఇంట్లోనే కొంప ముంచింది.

ఆవిడ భర్త సోఫాలు చేసే మేస్త్రీ. ఒకప్పుడు పొగాకు నమిలేవాడు. పన్నెండేళ్ల క్రితం కూతురి మీద ఒట్టేసి మానేశాడు. మానేశానని ఆయనన్నాడు, సరేనని ఈవిడంది. అన్నదే గానీ నమ్మింది ఎక్కడ? రోజూ సాయంత్రం ఆయన్ని గుమ్మంలోనే ఆపి, “అబ్బ, ఎంత దుమ్మండీ!” అంటూ కాలరు మీది పీచూ దూదీ దులిపేది. దులుపుతూ ముక్కు ఆయన నోటి దగ్గరికి తెచ్చి, గుట్టుగా ఒక్కసారి ఊపిరి పీల్చేది. ఏ వాసనా వచ్చేది కాదు. నోరు పుక్కిలించుకుని వస్తున్నాడు కాబోలు అనుకునేది.

అలాంటిది, మొన్నామధ్య అన్నం తింటూ ఆయన, “ఎడమ బుగ్గ లోపల గరుగ్గా తగులుతోందే” అన్నాడు. ఆవిడ ఫోను లైటు వేసి చూసింది. లోపలి పొర మీద వేలిగోరంత తెల్లమచ్చ!

పళ్ల డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసింది. దూదితో తుడిచి చూసింది. మచ్చ పోలేదు.

“పొగాకు నములుతారా?”

“మానేసి పన్నెండేళ్లయిందండీ.”

“ఇంకేదైనా నమిలే అలవాటుందా?”

“ఏమీ లేదు డాక్టరుగారూ.”

“పళ్లేమీ మొనదేలి లేవు. అయినా అక్కడ ఏదో రోజూ రాసుకుంటోంది. అదేమిటో చూసుకుని మానేయండి. మానేశాక రెండు వారాలకి కూడా తగ్గకపోతే, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. ఇలాంటి మచ్చల్లో కొన్ని క్యాన్సరుకి దారితీస్తాయి. అన్నీ కాదు, కంగారుపడకండి.”

కంగారుపడకండంటే ఆగే మనిషా ఈవిడ! ఇంటికి రాగానే సోదా మొదలుపెట్టింది. చొక్కా జేబులు, టిఫిను డబ్బా అడుగు, స్కూటరు డిక్కీ, చివరికి బూట్లలో మేజోళ్లు. ఎక్కడా చిటికెడు పొగాకు దొరకలేదు. దొరక్కపోవడమే ఆవిడకి పెద్ద సాక్ష్యమైపోయింది. ఏ తప్పూ చెయ్యనివాడి జేబులు అంత శుభ్రంగా ఉంటాయా అని!

“నిజం చెప్పండి, మీకు పుణ్యముంటుంది” అంది.

“ఏం నిజం చెప్పనే?”

“నన్నొదిలేసి పోతారండీ! ఆ ముదనష్టపు పొగాకు కోసం నన్నొదిలేసి పోతారు!” అని భోరుమంది.

“నేను దాని మొహం కూడా చూళ్లేదే” అని ఆయన నెత్తీనోరూ బాదుకున్నాడు. వింటేగా!

ఆయన షెడ్డు ఊరికి ఆ చివర ఉంది. షెడ్డు తెరిచే రోజుల్లో ఆవిడ గేటు వదలదు, ఆవిడకి సెలవైన రోజు షెడ్డు మూసి ఉంటుంది. అందుకే ఆయన పని చేస్తుండగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. తొమ్మిదో రోజు పూటసెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్లింది. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా కిటికీ పక్కన నక్కింది.

ఆయన ఒక సోఫా చెక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన రేకు డబ్బా. అందులో చెయ్యి పెట్టి, నల్లటిదేదో గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. ఎడమ బుగ్గ ఉబ్బింది. దొరికాడు దొంగ! ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఆయన మూతి కింద అరచెయ్యి చాపింది.

“ఉమ్మండి! ఇక్కడే ఉమ్మండి!”

బిత్తరపోయి ఆయన ఉమ్మాడు. అరచేతిలో తడితడిగా పాతిక దాకా చిన్న మేకులు పడ్డాయి.

“మేకులా?” అంది ఆవిడ.

“మరేం ఉంటుందే? ఒక చేత్తో గుడ్డ లాగి పట్టుకోవాలి, ఒక చేత్తో సుత్తి వెయ్యాలి. మేకులందించడానికి మూడో చెయ్యేదీ? ముప్ఫయ్యేళ్లుగా ఇలాగే చేస్తున్నా.”

“డాక్టరమ్మ అడిగితే చెప్పలేదేం?”

“అలవాటు ఏమైనా ఉందా అంది. ఇది అలవాటేమిటే, పని!”

ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గుండెల మీంచి బరువు దిగిన సంబరంలో నోరు జారింది. “నిజంగానే ముట్టలేదన్నమాట! నేనేమో పన్నెండేళ్లుగా రోజూ గుమ్మంలో మీ నోరు వాసన చూస్తున్నాను!”

ఆయన సుత్తి కింద పెట్టాడు.

“దుమ్ము దులపడం కాదా అది?” అన్నాడు. “నేను ప్రేమనుకున్నానే. కాసేపు కూర్చుని వెళ్లు గురూ అని ఇక్కడివాళ్లు ఎంత పట్టుకున్నా ఆగేవాణ్ని కాదు. గుమ్మంలో నువ్వుంటావని.”

“ప్రేమ లేకపోతే ఇంత దూరం పడుతూ లేస్తూ వస్తానా?” అంది ఆవిడ. ఆయన ఆవిడ అరచేతిలోని మేకులు డబ్బాలోకి దులిపేశాడు. ఇంకెప్పుడూ వాసన చూడనని ఆవిడా కూతురి మీద ఒట్టేసింది.

ఆ రోజు నుంచి మేకులు నడుముకి కట్టిన సంచిలోకి మారాయి. పని సగానికి సగం మందగించింది. రెండు వారాల తర్వాత డాక్టరమ్మ మళ్లీ అద్దం పెట్టి చూసి, మచ్చ దాదాపు పోయిందనీ, ముక్క తీయాల్సిన పని లేదనీ చెప్పింది. ఆవిడ డాక్టరమ్మ చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేసింది.

ఆ సాయంత్రం ఆయన కాలరు మీద బోలెడు పీచు వేసుకుని వచ్చాడు. ఆవిడ దులపబోయింది. ఆయన పెదాలు గట్టిగా బిగించి, మొహం గోడవైపు తిప్పుకుని, ఆవిడ చెయ్యి తీసేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“దుమ్మేనండీ, నిజంగా దుమ్మే దులుపుతున్నా” అంది ఆవిడ.

“ఏమో, నాకేం తెలుసు?” అంటూ ఆయన లోపలికి వెళ్లిపోయాడు.