కుట్టుమిషను మీద డంపరు

జగదల్‌పూర్‌లో మేముండే సందులోకి వారానికి రెండుసార్లు పాతసామాను ఆటో వస్తుంది. పాత కూలర్లు, పాత బ్యాటరీలు, పాత కంప్యూటర్లు ఇచ్చెయ్యండి అని మైకులో ఒక ఆడగొంతు హిందీలో తిరుగుతూ ఉంటుంది. మొన్న ఆ మూడో మాట మొదటిసారి వినబడగానే చేతిలో ఉన్న బీపీ మాత్ర మింగడం మరిచిపోయి గుమ్మంలో నిలబడిపోయాను. కూలర్లు పాతబడటం చూశాను, బ్యాటరీలు పాతబడటం చూశాను. కంప్యూటర్లు కూడా పాతసామానైపోయే దాకా ఉంటానని మాత్రం అనుకోలేదు. ఈ మధ్య ఏది తలుచుకోవాలన్నా ముందు కూర్చోవలసి వస్తోంది. మోకాళ్ళు ఒప్పుకోవు. కూర్చున్నాను.

కిరందుల్ ఇనుపగనుల టౌన్‌షిప్‌లో మొట్టమొదటి గేమింగ్ కంప్యూటరు కట్టింది నేనే. గేమింగ్ అంటే ఆటలాడుకోవడానికి బలంగా కట్టే రకం. గనిలో పారేసిన సామానుతో, ఒంటిచేత్తో, ఎవరి సాయమూ లేకుండా, ఒక్క రోజులో కట్టాను. సరే, మొట్టమొదటిది కాదు. మా వీధిలోనే అప్పటికి రెండున్నాయి. ఒక్క రోజు కాదు, నెలన్నర పట్టింది. ఒంటిచేత్తో అన్న మాట సంగతి కాసేపట్లో చెబుతాను. పారేసిన సామానన్నది మాత్రం అచ్చంగా నిజం. చిన్నప్పటినుంచీ నాతో ఇదే చిక్కు. మాట నోట్లోంచి రెండింతలై బయటికొస్తుంది, తరవాత నేనే దాని వెంట పడి సగానికి కోసుకుని తెచ్చుకోవాలి. వయసులో ఉండగా ఇది సరదాగానే ఉండేది. ఇప్పుడు ఆ కోసుకుని తెచ్చుకునే పనికే అలుపొస్తోంది.

మేమందరం విజయనగరం వైపునుంచి ఇనుపఖనిజం రైలు దారి పట్టుకుని పనికొచ్చినవాళ్ళం. నేను డంపర్ల మరమ్మతు షాపులో ఎలక్ట్రీషియన్ని. మా చెల్లెలి భర్త, అంటే మా బావ, డంపర్ ఆపరేటరు. డంపరంటే రోడ్డు మీద లారీ లాంటిదనుకునేరు. పక్కన నిలబడితే మనిషి తల దాని చక్రంలో సగం దాటి కాస్త పైకి వస్తుంది, అంతే. క్యాబిన్‌లోకి నిచ్చెన మెట్లెక్కి వెళ్ళాలి. మా బావ ఆ మెట్లను ఎప్పుడూ తొందరపడి ఎక్కేవాడు కాదు; దర్బారుకు వెళుతున్న జమీందారులా ఎక్కేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన బండిలో హెచ్చరిక దీపమొకటి ఊరికే వెలుగుతోందని కంప్లెయింటు వస్తే, నడుస్తుండగా చూద్దామని పక్క సీట్లో కూర్చున్నాను. పనికిరాని మట్టి పారబోసే గట్టు వైపు పోతున్నాం. ఎడమ చేతివైపు లోయ, అంచున అడ్డంగా మట్టికట్ట. మా ఎడమ చక్రం ఆ కట్ట మీదికెక్కింది. నేను పెద్దగా అరిచాను. బావ బ్రేకు వేసి, తాపీగా నా వైపు తిరిగి, "ఏటయింది బావా, పామేటైనా సూసేవా?" అన్నాడు. కట్ట ఆయనకు కనబడలేదు. షుగరు ఆ ఎడమ కంటిని ఎన్నాళ్ళనుంచి తినేస్తోందో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం నేను షిఫ్టు ఫోర్‌మన్‌కి చెప్పాను. నా పేరు బయటికి రాకూడదని కూడా చెప్పాను. ఫోర్‌మన్ బీహారువాడు, మా బావతో ఇరవయ్యేళ్ళు ఒకే డబ్బాలోంచి రొట్టె తిన్న మనిషి. ఆయన నా పేరెత్తకుండా, తనే గమనించినట్టు కాయితం రాసి సంతకం పెట్టాడు. కంటి పరీక్ష జరిగింది. రిటైర్మెంటుకి మూడేళ్ళుండగా మా బావను డంపర్ దింపి టూల్‌రూములో, స్పానర్లు ఇచ్చిపుచ్చుకునే కిటికీ వెనక కూర్చోబెట్టారు. స్నేహితుడే తనకు అన్యాయం చేశాడని బావ నమ్మాడు. ఫోర్‌మన్‌తో మాట మానేశాడు, ఆ తరవాత ఒకరొకరుగా అందరితోనూ మానేశాడు. నాతో కూడా. కాకపోతే నాతో మానెయ్యడానికి కారణం ఆయన దగ్గర లేదు, నా దగ్గరుంది.

ఒకరోజు మా చెల్లెలు వచ్చి వంటింటి గడప మీద కూలబడింది. "అన్నయ్యా, డ్యూటీనుంచొచ్చి గోడకేసి సూస్తా కూకుంటన్నారు. పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. నిన్న పప్పులో ఉప్పెయ్యడం మరిసిపోయేను, అది కూడా అన్లేదు. ఉప్పు లేదని తిట్టని మొగుడితో నానెలా బతికేది?" అంది. చెల్లెలి ఏడుపు చూస్తూ కూడా నేను నిజం చెప్పలేదు. దానికి బదులు, క్లబ్బులో కొత్త ఇంజనీర్లు కంప్యూటర్ మీద లారీల ఆట ఆడుతుండగా చూసిన సంగతి గుర్తొచ్చి, "బావకి డంపర్ నేను తెచ్చిస్తానే, ఇంట్లోకే తెచ్చిస్తాను" అని ప్రగల్భం పలికాను.

అలాంటిది కొత్తగా కొనాలంటే నా స్కూటరు, దాని మీద నేను, ఇద్దరం అమ్ముడుపోవాలి. గీదంలో ఒక పాతసామాను వ్యాపారి మా గని ఆఫీసుల వేలంలో తెచ్చిన కంప్యూటర్లను గోడవారగా పేర్చి పెట్టుకునేవాడు. అందులోంచి రెండు డబ్బాలు ఏరుకొచ్చాను. ఒకటి అసలు మూలగదు, ఒకటి మూలిగి ఊరుకుంటుంది. లోపల ఎర్రదుమ్ము అరంగుళం పేరుకుని ఉంది. మా షాపులో ఏది మురికైనా ఒకటే వైద్యం, కంప్రెసర్ గొట్టంతో గాలి కొట్టడం. ఫిల్టర్లకీ అదే, రేడియేటర్లకీ అదే, భోజనానికి ముందు మా చొక్కాలకీ అదే. డబ్బాలు రెండింటికీ శ్రద్ధగా గాలి కొట్టాను. ఆ గాలిలో నీటితుంపర, నూనె, గని దుమ్ము కలిసి వస్తాయని ముప్పయ్యేళ్ళుగా తెలిసినవాణ్ణే. దుమ్ము పోలేదు సరికదా, ఎర్రటి ముద్దలా మారి సందుసందునా మెత్తుకుంది. మూలిగేది కూడా మూలగడం మానేసింది.

రెండింటినీ దుప్పట్లో మూటగట్టి, ఒళ్ళో పెట్టుకుని, బస్సులో జగదల్‌పూర్ వచ్చాను. బస్టాండు వెనక ఒక రిపేరు దుకాణం ఉండేది. నడిపేది గొల్లపల్లినుంచి వచ్చిన నలభయ్యేళ్ళావిడ. నేను హిందీలో మొదలుపెట్టాను. నా హిందీ రెండు ముక్కలు విని జాలిపడి ఆవిడ తెలుగులోకి దిగింది.

"ఏంది పెద్దాయనా ఇది? కంప్యూటర్ తెచ్చినవా, గని తెచ్చినవా?"

"శుభ్రంగా గాలి కొట్టానమ్మా."

"దేంతోని?"

"మా షాపు కంప్రెసర్‌తో."

"లారీ టైరనుకున్నవా? ఇగ నువ్వు దేన్నీ ముట్టకు. ఆ స్టూలు మీద కూసో."

కూర్చున్నాను. ఒంటిచేత్తో కట్టానన్నానే, ఆ చెయ్యి ఇదే, ఆవిడది. నేను స్క్రూలు పట్టుకున్నాను. అందులోనూ రెండు పారేసుకున్నాను. ఆవిడ స్పిరిటు, కుంచె పుచ్చుకుని బోర్డంతా కడిగింది. మెమరీ పట్టీల బంగారు రంగు అంచులను బడిపిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. ఒక డబ్బాలోని ప్రాసెసరు, రెండు డబ్బాల మెమరీ, రెండోదాని హార్డ్ డిస్కు పనికొస్తాయని తేల్చింది. తెర మీద బొమ్మలు నడిపే కార్డు సెకండ్‌హ్యాండుది తన దగ్గరే ఉందంది. కరెంటు అందించే డబ్బా దగ్గర మాత్రం ఆగింది.

"ఇది పాతది వద్దు, కొత్తది కొను."

"దీని పంకా బాగానే తిరుగుతోంది కదమ్మా?"

"తిరుగుతది. ఆట మొదలైనంక కార్డు కరెంటు గుంజుతది, ఇది కాలిపోతది. పోతా పోతా అన్నిటినీ తీస్కపోతది. మిగిలినయన్ని పాతవే వాడుకో, దీని కాడ మాత్రం పీనాసితనం చెయ్యకు. ఇంతకు ఎవలకిది, మనుమనికా?"

"మా బావకి. డంపర్ నడిపేవాడు. నేనే దింపించాను."

ముక్కూ మొహం తెలియని మనిషికి ఆ మాట ఎలా చెప్పేశానో నాకే అర్థం కాలేదు. స్టూలు మీద అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నాకు అలవాటు లేదు, అందుకే అయ్యుండాలి. ఎందుకని ఆవిడ అడగలేదు. అరలోంచి ఒక పాత ప్లాస్టిక్ ఆటస్టీరింగు, దాని పెడళ్ళు తీసి బల్ల మీద పెట్టింది. "గిది కూడా తీస్కపో. డంపర్ నడిపినాయన మీటలు నొక్కుకుంట కూసోడు గద" అంది.

స్టీరింగు బిగించడానికి మా చెల్లెలింట్లో సరిపోయిన బల్ల కుట్టుమిషను ఒక్కటే. దానికే బిగించాను. సగం కుట్టిన జాకెట్టు తీసి పక్కన పడేశానని చెల్లెలు నన్ను తిట్టింది. ఒక ఆదివారం పొద్దున్న స్విచ్చి వేస్తే చూడ్డానికి టౌన్‌షిప్పంతా విరగబడింది. అంటే చెల్లెలు, నేను, పక్కింటి పిల్లి. బావను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాం. ఆటలో ఒక గని, దాని మీద ఒక డంపరు. మా కంప్యూటరుకున్న బలానికి బొమ్మలో నాణ్యతను బాగా తగ్గించి పెట్టాల్సి వచ్చింది. అందువల్ల చెట్లు లేవు, నీడలు లేవు, గడ్డి లేదు, ఉత్త ఎర్రకొండ. బావ తెర వైపు చాలాసేపు చూశాడు. వారాల తరవాత ఆయన నోట మాట వచ్చింది.

"అచ్చం మన కొండేరా బాబూ. ఒక్క సెట్టు మిగల్చలేదు."

స్టీరింగు పట్టుకున్నాడు. హారన్ మీట ఎక్కడని అడిగి, రెండుసార్లు కొట్టాడు. గనిలో బండి ముందుకు కదిలే ముందు రెండు, వెనక్కి వచ్చే ముందు మూడు కొట్టాలి. ఆటలో ఆ హారన్‌కి అడ్డు తప్పుకునేవాడెవడూ లేడు. అయినా కొట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కదిలాడు. బ్రేకు వెయ్యబోతే కాలు అలవాటు లేక కుట్టుమిషను తొక్కుడుపలక మీద పడి, మిషను టకటకమని గాలిని కుట్టింది. చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ కూడా నవ్వాడనే అనిపించింది.

మొదటి మలుపులో డంపరు ఎడమవైపు లోయలో పడింది. "కొత్త స్టీరింగు కదా బావా" అన్నాను. రెండోసారీ అక్కడే పడింది. "పెడలు సరిగ్గా బిగించలేదు, నాదే తప్పు" అన్నాను. మూడోసారి కూడా ఎడమవైపే పడ్డాక నా దగ్గర సాకులు అయిపోయాయి. జీవితంలో నాకు అలా జరిగింది ఆ ఒక్కసారే. బావ స్టీరింగు వదిలేసి, అరచేత్తో కుడికన్ను మూసుకుని, తెరను చూశాడు. తల అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు.

"సగం లేదు బావా" అన్నాడు.

కంప్యూటర్ లోపల పంకా ఒక్కటే తిరుగుతోంది.

"ఆ రోజు నువ్వు నా పక్కనే కూకున్నావు కదా. నిన్ను కూడా తీసుకుపోయేవోణ్ణి." కుడికంటి మీది చెయ్యి ఇంకా తియ్యలేదు. "ఆ ఫోర్‌మన్ గాడు మన ప్రాణాలు నిలబెట్టేడు. నాను ఆడి మొహం సూడ్డం మానేసేను."

అది నా చోటు. నేను చెప్పవలసిన మాటకి దేవుడు కుర్చీ వేసి మరీ ఖాళీ ఉంచాడు. నేనేమో "టీ తాగుదామా బావా" అన్నాను.

ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పెక్కువైందని బావ వీధి చివరిదాకా వినబడేట్టు అరిచాడు. మా చెల్లెలు వంటింట్లోకి పోయి హాయిగా ఏడ్చింది. మర్నాడు షిఫ్టు దిగాక బావ నన్ను వెంటబెట్టుకుని గేటు దగ్గరి టీకొట్టుకు నడిచాడు. ఫోర్‌మన్ అక్కడ నిలబడి ఉన్నాడు. బావ ఏమీ అనకుండా తన గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు. ఆయన అందుకుని సగం తాగి తిరిగిచ్చాడు. ఇరవయ్యేళ్ళ స్నేహితులకి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. "నువ్వు రాసిందే కరెక్టు భాయ్, నాకే కనబడలేదు" అన్నాడు బావ హిందీలో. నిందంతా మోసిన మనిషి ఇప్పుడు దండలు కూడా వేయించుకోబోతున్నాడు. నాకెందుకో ఆ రెండోది భరించడం కష్టమైంది. మంచితనం వల్ల నోరు విప్పానని చెప్పుకోవాలనుంది గానీ, అందులో సగం అసూయ.

"బావా, చెప్పింది ఆయన కాదు. నేను. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను."

బావ నావైపు ఒక క్షణం చూసి, పగలబడి నవ్వాడు. టీ చొక్కా మీద ఒలికింది. "సూసినావా భాయ్ మా బావని! మంచి పని ఎక్కడ జరిగినా అందులో ఈడి సెయ్యి ఉండాల. ఈ కొండలో ఇనుముందని కూడా ఈడే సెప్పేడు, తెలుసా? ఒరే, నువ్వు ఇంటోడివిరా, నా మీద నువ్వు పోయి సెప్తావేటి!" అని నా వీపు మీద చరిచాడు. నేను ఫోర్‌మన్ వైపు చూశాను. ఒక్క మాట చాలు. ఆయన నన్ను చూశాడు, బావ నవ్వును చూశాడు, "ఛోడో యార్, చాయ్ పియో" అని నా మాట అక్కడితో వదిలెయ్యమన్నాడు. నా గౌరవం కోసం అన్నాడో, వారాల తరవాత దొరికిన ఆ నవ్వు కోసం అన్నాడో నేనెప్పుడూ అడగలేదు.

బావ రిటైరయ్యే దాకా, ఆ తరవాత కూడా కొన్నేళ్ళు, తెరను బాగా కుడిపక్కకి జరుపుకుని ఆ చెట్లులేని కొండ మీద రోజూ ఒక షిఫ్టు చేసేవాడు. లోయలో పడటం తగ్గింది. మరో రెండుసార్లు నిజం చెప్పబోయాను. మొదటిసారి నవ్వాడు, రెండోసారి వినకుండా హారన్ కొట్టాడు. ఫోర్‌మన్ తన ఊరు వెళ్ళిపోయాడు, ఆయన నంబరు పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది. బావ పోయి ఇది ఆరో వేసవి. అబద్ధాలు చెప్పి నమ్మించడానికి నాకు ఎప్పుడూ మనుషులు దొరికారు. ఈ ఒక్క నిజాన్ని నమ్మించడానికి ఇంకా బోలెడు కాలముందనుకుంటూ ఉండగానే, వినవలసినవాళ్ళ కాలం అయిపోయింది.