గేటు మీద గొంగడి

మా చిన్నాయన గోపాలరావు గారు దివంగతులయ్యారని మొన్న హుజూరాబాద్‌కు టెలిగ్రాం వచ్చింది. మూడో తరగతికి లెక్కలు చెబుతుండగా పోస్టుమాన్ తెచ్చి చేతిలో పెట్టాడు. చదివినా నమ్మబుద్ధి కాలేదు. బత్తాయిలు కాసినయి, వచ్చి తినిపో అని వారం కిందటే ఉత్తరం రాసిన మనిషి. పిల్లలను ఇళ్ళకు పంపించి హైదరాబాదు బస్సెక్కాను.

చిన్నాయన నిజాం కాలంలో ఉర్దూలో చదివి, ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరు అయ్యారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత బంజారా హిల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆయన కార్యదక్షతను గురించి ఆయనతో పనిచేసినవారు రాస్తారు, రాయాలి కూడా. నేను రాయగలిగింది ఆయన ఇంటి గేటు గురించి. అందులో తప్పు నాది కాబట్టి నేనే రాయాలి.

ఆ వీధికి రెండు వైపులా గుల్‌మొహర్ చెట్లు, ఎత్తైన ప్రహరీలు. ఇళ్ళు ఎక్కడో లోపల ఉంటాయి. మధ్యాహ్నమైనా నరసంచారం ఉండదు. మా వైపు ఇల్లు వెతకడమంటే నలుగురిని అడగడమే. అక్కడ అడుగుదామంటే మనిషే దొరకడు.

ఇల్లు కట్టిన కొత్తలో మా నాయనమ్మ, కొడుకు ఇల్లు చూస్తానని నన్ను తోడు తీసుకుని బయలుదేరింది. ఆయన కోసం కొత్త గొంగడి ఒకటి నేయించి భుజాన వేసుకుంది. ఇంటి నంబరు రాసుకుంటానంటే వద్దన్నది. "నంబరెందుకురా? గోపాలం అంటే ఎవలైనా చూపిస్తరు పా" అంది. గుట్ట ఎత్తు మొదలయ్యే చోటే రిక్షావాడు దింపేశాడు. ఎండలో గేటు గేటుకూ తిరిగాం. చివరికి ఒక గేటు ముందు చెట్టు నీడలో కూలబడ్డాం. లోపల తోటమాలి మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గోపాలం ఇల్లు ఎరుకేనా అని నాయనమ్మ అడిగితే, "గా పేరోల్లు ఈడ లేరవ్వా" అన్నాడు. గేటు పక్క పలకను నేను కూడబలుక్కుని చదివాను. ఇంగ్లీషులో ఎ. జి. రావు అని ఉంది. మా ఇంటా వంటా ఎవరికీ రావు లేదు. ఉద్యోగంలో చేరాక చిన్నాయన పేరుకు అది తగిలిందని మాకు తెలియదు. "ఎవరో రావుగారి బంగళా నాయనమ్మా" అన్నాను.

"ఒక్కపారి జోరుగ పిలువురా. ఈడ ఏ ఇంట్ల ఉన్నా పలుకుతడు" అంది నాయనమ్మ.

"ఈడ గట్ల పిలువద్దు. పెద్దోల్ల ఇండ్లు" అన్నాను. ఆ నిశ్శబ్దంలో నోరెత్తడానికి నాకు సిగ్గు వేసింది. గొంగడి మళ్ళీ భుజాన వేసుకుని ఆమె నాతో తిరిగి వచ్చేసింది.

సాయంత్రం తోటమాలి మాట విని చిన్నాయన కారులో బస్టాండుకు పరుగెత్తారట. బస్సు వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం ఊరికి వచ్చారు. "నీ ఇంటి నీల్లు తాగచ్చిన తియ్యి. మల్ల వస్త, గొంగడి గప్పుడే తెస్త" అని నాయనమ్మ నవ్వింది. మళ్ళీ రాలేదు. ఆ వానాకాలం జ్వరంతో పోయింది. దినాలయ్యాక చిన్నాయన ఆ గొంగడి తీసుకున్నారు. నా వైపు చూసి, "నేను వరండల కూసోని పేపరు సదువుతున్నరా. ఒక్కమాట పిలిస్తె ఇనపడుతుండె" అన్నారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

హైదరాబాదు వెళ్ళగానే ఆ పేరు పలక పీకించి, గేటు మీద గొంగడి వేశారు. కోస్తా నుంచి వచ్చిన పక్కింటి జడ్జిగారు రెండు నెలలు ఓర్చుకుని, "ఆ కంబళి ఏమిటండీ, ఆరేశారా?" అని అడిగారట.

"గది నా పేరండి. ఇంగ్లీషు రానోల్లు గుడ సదువుతరు" అన్నారట చిన్నాయన.

చదివారు కూడా. దవాఖానకు వచ్చిన సిరిసిల్ల సాలెవాళ్ళు, కాలేజీలో సీటు కోసం వచ్చిన ఆసిఫాబాద్ పిల్లలు, అందరూ గొంగడి చూసుకునే వచ్చేవారు. "గేటుకాడ నిలబడ్డోల్లను పేరడగకు, ఊరడుగు" అని తోటమాలికి ఆయన ఆజ్ఞ. అలాగని ఆయన శాంతమూర్తి ఏమీ కాదు. గడ్డి మీద బీడీ ముక్క కనిపిస్తే ఇల్లు అదిరిపోయేది. మూడు రోజులకు మించి ఉన్నవాళ్ళను బస్సు వేళలు అడిగి తెలుసుకోమనేవారు.

మొన్న ఆ వీధికి చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. ఏళ్ళ తరబడి గొంగడి చూసి ఆగడమే నాకు అలవాటు. ఒక్క గేటుకూ గొంగడి లేదు, అది లేకపోతే గేట్లన్నీ ఒకే తీరు. చావు జరిగిన ఇంటి ఏడుపు కూడా అక్కడ గోడ దాటి రాదు. ఇటు చివరి నుంచి అటు చివరికి రెండుసార్లు తిరిగాను. ఆఖరికి ఆనాడు చేయని పని చేశాను. వీధి మధ్యలో నిలబడి, "చిన్నాయనా" అని గట్టిగా పిలిచాను. ఎవరో కిటికీ తెరిచి చూశారు. మళ్ళీ పిలిచాను.

చిన్నమ్మ వచ్చి గేటు తీసింది. "గొంగడి ఆయన మీద కప్పినం బిడ్డా. గది లేకుంటె నీకు ఇల్లు దొరకదని మరిచిన" అంది.

గొంగడితోనే సాగనంపాం. చిన్నాయనా, నీ పాదాలకు ఈ పంతులు దండం. చిన్నమ్మ కూతురి దగ్గరికి ఆసిఫాబాద్ వెళ్ళిపోతుంది. ఇల్లు అద్దెకిస్తారట. మా వాళ్ళెవరైనా ఆ చెట్టు నీడన కూర్చుని ఇది ఎవరి ఇల్లని అడిగితే, ఎవరో రావుగారి బంగళా అనే చెప్పాలి.